జంట గది

"పది నిమిషాల్లో వచ్చేస్తానక్కా" అని చిన్నమ్మాయి మెట్లెక్కి వెళ్ళి అప్పుడే పావుగంట దాటింది. లిఫ్టు పని చేయడం లేదు, చక్రాల కుర్చీని పైకి మోసే మనుషులు లేరు, అందుకని పెద్దావిడను వృద్ధాశ్రమం కింద ముందుగదిలో, కిటికీ ఎండ మొహాన పడకుండా కాస్త వారగా నిలబెట్టి, ఒళ్ళో శాలువా సర్ది, పడిపోయిన కుడిచేతిని ఎత్తి ఆ శాలువా మీద వేరే ఎవరి వస్తువో అప్పజెప్పినట్టు జాగ్రత్తగా పెట్టి, మేనేజరమ్మ వెంట పై గదులు చూడటానికి వెళ్ళింది. మొదటి మలుపు దగ్గర వెనక్కి తిరిగి "ఏమన్నా కావాలా?" అంది. ఏం కావాలో చెప్పడానికి పెద్దావిడ నోరు తెరిచేలోపే మలుపు తిరిగిపోయింది. మోకాళ్ళు పట్టేశాయని పొద్దున్నే మంచం మీంచి దిగడానికే మూలిగే మనిషి, మెట్లు అంత చురుగ్గా ఎక్కుతుందని ఎవరనుకుంటారు. వాళ్ళింట్లో మెట్లు లేవు. మెట్లుంటే ముందే తెలిసుండేదేమో.

ఆమె చిన్నమ్మాయి అయింది యాభై మూడేళ్ళ కిందట. పెద్దావిడ మరిదిని చేసుకుని పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆ ఇంటికి వచ్చిన రోజున అత్తగారు "పెద్దమ్మాయ్, ఇదిగో చిన్నమ్మాయి, దీనికి ఇల్లంతా చూపించు" అంది. ఆ పిలుపే అలా అతుక్కుపోయింది. అత్తగారు పోయింది, అన్నదమ్ములిద్దరూ మూడేళ్ళ తేడాలో ఒకరి వెనక ఒకరు పోయారు, ఇంట్లో తోడికోడళ్ళిద్దరే మిగిలారు, డెబ్భై ఒకటో ఏట కూడా చిన్నమ్మాయి చిన్నమ్మాయే. ఇల్లు చూపించడానికి ఆ రోజు పెద్దావిడకు తీరిక ఎక్కడుంది? గబగబా వంటగది చూపించి, "మిగతాది నువ్వే చూసుకో, నాకు డ్యూటీ టైమవుతోంది" అని చెప్పులేసుకుంది. మిగతాది ఆ పిల్లే చూసుకుంది. ఇన్నేళ్ళూ మిగతాది అంతా ఆమే చూసుకుంది.

గోడ మీద పెద్ద పెద్ద అక్షరాల్లో ఈ రోజు ఏ వారమో, ఏ తేదీయో, పగలో రాత్రో చెప్పే పలక ఒకటి ఉంది. పగలు అని రాసుంది. బయట ఎండ కాస్తుంటే పగలు అని రాసి పెట్టాల్సినవాళ్ళు ఉండే చోటన్నమాట ఇది, అనుకుంది పెద్దావిడ, ఆ వెంటనే మొన్న మధ్యాహ్నం నిద్ర లేచి, తెల్లారిందనుకుని, పాలు పోయించుకోలేదేమని తను చిన్నమ్మాయిని కేకలేసిన సంగతి గుర్తొచ్చి, ఆ పలక మీదనుంచి చూపు తిప్పుకుంది. తిప్పుకుంటే ఎదురుగా సోఫాలో ఒక ముసలామె, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, ఎవరో వచ్చి తీసుకెళ్తారన్నట్టు గుమ్మం కేసి చూస్తూ కూర్చుంది. రోజూ అలాగే కూర్చుంటుందని ఆమె కూర్చున్న చోట సోఫాలో పడ్డ గుంట చెబుతోంది. చిన్నమ్మాయ్, పోదాం పద. ఇంటికి పోదాం. అలా అనాలనే పొద్దున కారెక్కింది అసలు. చూస్తాను, నచ్చలేదంటాను, వెనక్కి తిరిగి వస్తాం, అంతే. ఇద్దరి పెట్టెలూ కారులోనే ఉండనీ, దించొద్దని కూడా చెప్పింది. చెప్పిందా? చెప్పాలనుకుందా? పెట్టెలు రెండూ గుమ్మం పక్కనే ఉన్నాయి.

పైన అడుగులు. మేనేజరమ్మవి టకటకలాడే చెప్పులు, చిన్నమ్మాయిది ఎడమ మడమ కొంచెం ఈడ్చే నడక. పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ కుడికాలూ తీసుకుపోయింది కానీ చెవుల జోలికి రాలేదు. ముప్ఫై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్న చెవులు అవి, చివరి పదకొండేళ్ళు సూపర్‌వైజరు కుర్చీలో. ఊపిరి పీల్చిన తీరును బట్టి అవతలివాళ్ళు ఏడవబోతున్నారో అరవబోతున్నారో చెప్పేసేది. ఇప్పుడు పైన తలుపు తీశారు. కిటికీ రెక్క తోశారు. ఎవరో మంచం మీద కూర్చున్నారు, స్ప్రింగు మూలిగింది, ఆ తర్వాత ఒక నవ్వు. ఎవరిదా నవ్వు అని పెద్దావిడ ఒక క్షణం నిజంగానే ఆలోచించింది. గొంతులోంచి కాదు, కడుపులోంచి వచ్చి ముక్కులో ముగిసే నవ్వు. మరిది ఉన్న రోజుల్లో మొగుడూ పెళ్ళామూ పెరట్లో బట్టలు పిండుతూ ఏదో అనుకుని ఇలాగే నవ్వేవాళ్ళు, పెద్దావిడ లోపలినుంచి "ఏమిటర్రా ఆ గోల" అనగానే ఆగిపోయేది. ఇన్నేళ్ళు ఎక్కడ దాచింది దీన్ని? ఒక ఖాళీ మంచం మీద కూర్చుంటే వచ్చే నవ్వు, ఇంట్లో ఎందుకు రాలేదు?

అత్తగారు మంచాన పడి నాలుగేళ్ళు తీసుకుంది. ముందుగదిలో మంచం, మంచం కింద బేసిన్, గదంతా మందుల వాసనా, మందులు కాని వాసనా. అప్పట్లో ఎక్స్‌ఛేంజిలో ఒకామె తన తండ్రిని ఇలాంటి చోటే చేర్పించిందని తెలిసి పెద్దావిడ టీ తాగుతూ అందరి ముందూ అంది, "మా ఇంట్లో అలాంటివి జరగవమ్మా, మా వాళ్ళను మేమే చూసుకుంటాం" అని. ఆ తండ్రిని చేర్పించినామె గ్లాసు కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మేమే చూసుకుంటాం. ఆ మాట ఎంత గట్టిగా, ఎంత తీరిగ్గా అంది. మేము అంటే ఎవరో ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుని లెక్కపెడితే ఒక్కరే తేలుతున్నారు. పొద్దున ఆరుకల్లా బేసిన్ ఎత్తింది చిన్నమ్మాయి, ఒళ్ళు తుడిచింది చిన్నమ్మాయి, వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పింది చిన్నమ్మాయి. పెద్దావిడ అదే ఆరింటికి టిఫిన్ డబ్బా చేత పట్టుకుని గుమ్మం దాటేది. ఆ డబ్బా సర్దిపెట్టింది కూడా ఆ చిన్నమ్మాయే. తలుపు వెనక మూసుకోగానే వీధిలో గాలి మొహానికి తగిలేది చూడు, ఆ గాలి. ఊపిరితిత్తుల అడుగుదాకా పీల్చేది. ఆ గాలి సంగతి పెద్దావిడ ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా.

"కొత్తగా చేరడానికొచ్చారా?" అని పక్కనుంచి ఎవరో అడిగారు. చేతికర్ర మీద గడ్డం ఆనించి ఒక బక్కపల్చటి ముసలాయన ఆవిడకేసే చూస్తున్నాడు. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో.

"చూడ్డానికొచ్చాం" అంది పెద్దావిడ. మూతి ఒకవైపు లాగేసింది కాబట్టి మాట కొంచెం జారుతూ వచ్చింది.

"నేనూ చూడ్డానికే వచ్చాను. ఆరేళ్ళయింది." నవ్వాడు. ఒకప్పుడు లారీ తోలేవాడట. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ మంచివాళ్ళే, వంతులేసుకుని నాలుగేసి నెలలు పెట్టుకున్నారు. "మూడిళ్ళలోనూ నేను చుట్టాన్నేనమ్మా. టీవీ పెట్టాలన్నా అడగాలి, ఫ్యాను ఆపాలన్నా అడగాలి. పెద్ద కోడలు ఇంట్లో ఉప్పు తక్కువ, రెండో కోడలు ఇంట్లో మాటలు తక్కువ. ఏ ఇంట్లో ఉన్నానో నిద్రలో మర్చిపోయి గోడకు గుద్దుకునేవాణ్ణి. ఇక్కడైతే నా మంచం నాదే."

"మరి బాగుందా ఇక్కడ?"

"ఇక్కడ అన్నీ బాగానే ఉంటాయి. మనమే బాగుండం" అని, గుమ్మం కేసి చూస్తున్న ముసలామె వైపు కళ్ళతో చూపించి గొంతు తగ్గించాడు. "ఆమెకు మాత్రం ఈ చోటంటే పడదు. కూతురు ఇల్లే కావాలంటుంది. ఎవరి పిచ్చి వాళ్ళది."

కూతురు ఇల్లు. పెద్దావిడ అదీ చూసింది. పక్షవాతం వచ్చిన మూడోనెల్లో కూతురు కారేసుకుని వచ్చి, "అమ్మా, పిన్ని ఒక్కతే ఎంతని చేస్తుంది, నా దగ్గరికి వచ్చెయ్" అని తీసుకెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో కూతురి అత్తగారు, ఆవిడకూ మోకాళ్ళు నడవవు. పెద్దావిడ మంచం హాల్లో, భోజనాల బల్లకూ టీవీకీ మధ్య. బేసిన్ అవసరం పడ్డప్పుడల్లా అల్లుడు లేచి బాల్కనీలోకి వెళ్ళి నిలబడేవాడు, పాపం, చేతులు కట్టుకుని, వానలో కూడా. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆరు వారాలకు "ఇంటికి పోతానే" అంటే కూతురు ఏడ్చింది, ఆ ఏడుపులో బరువు దిగిన చప్పుడు కూడా పెద్దావిడకు వినిపించింది. ఇంటికొచ్చాక ఆయాలను పెట్టారు, ఒకరి తర్వాత ఒకరు, ముగ్గురు. ఒకామె ఫోన్లోంచి తలెత్తదు, ఒకామె తలెత్తితే దించదు, వంటింట్లో ప్రతి డబ్బా మూతా తీసి చూసేది. మూడో ఆమె మంచిదే, పెళ్ళి కుదిరి వెళ్ళిపోయింది. చివరికి మళ్ళీ చిన్నమ్మాయి రెండు చేతులు. ఎడం చేత్తో తింటే ఒళ్ళంతా పోసుకుంటుందని ముద్ద ఊది నోట్లో పెట్టే చేతులు. చాలు, ఇవి ఉన్నంతకాలం నాకేం అనుకుంది పెద్దావిడ. ఆ చేతులు కూడా ఒక మనిషివే అని తోచలేదు.

మొన్నటికి మూడు వారాలు. స్నానాల గదిలో చిన్నమ్మాయి చంకల కింద చేతులేసి లేపబోయింది, రోజూ లేపినట్టే, నడుములో ఏదో కలుక్కుమని ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. దెబ్బలేం తగల్లేదు. తడి నేల మీద వెల్లకిలా పడుకుని ముందు ఇద్దరూ నవ్వారు, అరిస్తే ఎవరికి వినిపిస్తుందక్కా, ఎక్స్‌ఛేంజికి ఫోన్ కలపమంటావా అని చిన్నమ్మాయే జోకు కూడా వేసింది. లేవబోయింది, లేవలేకపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. కుళాయి చుక్క చుక్కగా బకెట్లో పడుతూ ఉంది. చాలాసేపయ్యాక, పైకప్పు కేసి చూస్తూ, ఎవరో మూడో మనిషికి చెప్పినట్టు, "అక్కా, నా వల్ల కావట్లేదు" అంది. యాభై మూడేళ్ళలో ఆ నోట ఆ మాట వినలేదు. ఏం చెప్పాలి? కాకపోతే మానెయ్యి అనాలా? మానేస్తే తన గతి? పక్కింటివాళ్ళు వచ్చి తలుపు తోసేదాకా ఇద్దరూ అలాగే పడుకుని ఉన్నారు, చేతిలో చెయ్యి వేసుకుని, ఆ చెయ్యి ఎవరు ముందు పట్టుకున్నారో ఇప్పటికీ గుర్తులేదు.

పొత్తికడుపు బరువెక్కింది. పొద్దున కారెక్కే ముందు తాగిన టీ. చిన్నమ్మాయి వస్తుంది, ఐదు నిమిషాల్లో వస్తుంది, ఆపుకోవచ్చు. లారీ ఆయన ఏదో చెబుతున్నాడు, లోడుతో ఘాట్ రోడ్డెక్కడం గురించి, బ్రేకులు వేడెక్కడం గురించి. ఆవిడ తలాడిస్తోంది. తొడలు బిగించాలంటే ఒక్క తొడే మాట వింటుంది. పైన అడుగులు ఇంకో గదిలోకి వెళ్ళాయి. మళ్ళీ తలుపు, మళ్ళీ కిటికీ. ఎన్ని కిటికీలు చూస్తావే. చిన్నమ్మాయ్. గట్టిగా పిలిస్తే వినిపిస్తుంది. కానీ ఈయన ముందు, ఆ చేతిసంచి ముసలామె ముందు, మెట్ల కేసి మెడ సాచి చంటిపిల్లలా ఎలా పిలవడం? నుదుట చెమట పట్టింది. నీలం దుస్తుల్లో ఒక ఆయా బట్టల బుట్ట పట్టుకుని వెళ్తూ ఆవిడ మొహం చూసింది, చూసి ఏమీ అడక్కుండానే బుట్ట కింద పెట్టి కుర్చీ పట్టుకుంది. "పక్కనేనమ్మా, మెట్ల కిందే ఉంది" అంది మెల్లగా.

ఆయా ముప్ఫై ఏళ్ళ మనిషి. చంకల కింద పట్టుకోలేదు. మోకాలు మోకాలికి ఆనించి, నడుముకు బెల్టులాంటిదొకటి చుట్టి, "ముందుకు వంగండి, నా భుజం మీద తల పెట్టండి, ఆఁ" అంది, అంతే, ఆవిడ లేచింది, తిరిగింది, కూర్చుంది. ఎక్కడా నొప్పి లేదు. ఇంట్లో రోజుకు ఆరుసార్లు ఇద్దరూ పళ్ళు బిగించి చేసే యుద్ధం ఇది. ఇంత తేలికా? ఇంత తేలికైతే చిన్నమ్మాయి నడుము రెండేళ్ళపాటు ఎందుకు విరిగినట్టు? సిగ్గుతో చచ్చిపోతాననుకుంది ఆవిడ, కొత్త మనిషి ముందు బట్టలెత్తుకుని కూర్చోవడం కంటే పెద్ద శిక్ష లేదనుకుంది, కానీ ఒళ్ళు తన మానాన తాను తేలికపడింది. ఒంటికి రోషం లేదు. ఆయా తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది.

గోడకు పైన చిన్న వెంటిలేటరు, దాని అవతల మెట్లు. టకటక చెప్పులు దిగుతూ వచ్చి మలుపు దగ్గర ఆగాయి.

"ఏమీ తేల్చుకోలేకపోతున్నారా?" మేనేజరమ్మ గొంతు. "కింద జంట గది ఒకటి ఖాళీగా ఉందండి. రెండు మంచాలు, స్నానాల గది లోపలే. ఇద్దరూ కలిసి ఉండొచ్చు. మీ అక్కగారిని వార్డులో పెట్టక్కర్లేదు, మీరు పక్కనుంటే ఆవిడకూ ధైర్యం."

ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ ఊపిరి అరవబోయేవాళ్ళది కాదు.

"పైన చూపించారే, చివరి గది" అంది చిన్నమ్మాయి. "అది నాకొక్కదానికి... ఇవ్వడానికి కుదురుతుందా అండీ?"

"కుదురుతుంది. మరి ఆవిడ?"

"కింద మీ ఆయాలు బాగా చూసుకుంటారుగా. నేను రోజూ వస్తాను, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి కూర్చుంటాను. కూర్చోడానికే... చేయడానికి కాదు. జంట గది ఉందని ఆవిడకు చెప్పకండి. నిండిపోయిందని చెప్పండి, మీరే చెప్పండి. నేను చెప్పలేను. నా మొహం చూస్తే కనిపెట్టేస్తుంది."

ఎక్స్‌ఛేంజిలో కొత్తగా చేరిన అమ్మాయిలకు పెద్దావిడ మొదటి రోజే చెప్పేది, పొరపాటున లైన్లో ఎవరి మాటైనా చెవిన పడితే అక్కడే వదిలెయ్యాలి, ఇంటికి మోసుకెళ్ళకూడదు అని. ఎంతమంది మొగుళ్ళు, ఎంతమంది పెళ్ళాలు, అప్పట్లో ఎన్ని విందో, అన్నీ వదిలేసింది. ఇది ఎక్కడ వదలాలి? తెల్ల గోడ, తెల్ల పలకలు, పట్టుకోడానికి ఒక ఇనుప కడ్డీ. ఎడం చేత్తో దాన్ని పట్టుకుంది. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. వస్తే ఎంత బాగుండేది, కోపానికి కాళ్ళుంటాయి, లేచి నిలబడుతుంది, ఏమనుకుంటున్నావే అని అడుగుతుంది. వచ్చింది భయం. గుంపులో ఎవరి చెయ్యో వదిలేసిన పిల్ల భయం. దాని కిందే ఇంకోటి, చల్లగా: పొద్దున ఆరింటికి తలుపు మూసుకున్నాక వీధిలో తగిలే గాలి. చిన్నమ్మాయి చూసిన చివరి గదిలో కిటికీ తీస్తే వచ్చి ఉంటుంది అది. డెబ్భై ఒక్క ఏళ్ళకు. ఆ గాలి రుచి తెలిసిన మనిషి, ఏ మొహం పెట్టుకుని వద్దంటుంది?

ఆయా వచ్చి బట్టలు సర్ది, మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి ముందుగదిలోకి తెచ్చేసరికి ఇద్దరూ దిగి ఉన్నారు. "అయ్యో, పిలవకపోయావా అక్కా" అంటూ చిన్నమ్మాయి గబగబా వచ్చి, అలవాటుగా శాలువా సర్దబోయి, అది సర్దే ఉండటం చూసి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి తీసుకుంది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. మేనేజరమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, ఇద్దరికీ కలిపి గది ఇద్దామనే అనుకున్నాం. కానీ జంట గదులు నిండిపోయాయి. మీకు కింద వార్డులో కిటికీ పక్క మంచం ఇస్తాను, నలుగురే ఉంటారు. ఈవిడకు పైన."

చిన్నమ్మాయి నేలచూపులు చూస్తోంది. మెడలో నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. ఒక్క మాట చాలు. విన్నాను అంటే చాలు. లేదా నచ్చలేదు, ఇంటికి పోదాం అన్నా చాలు, ఈ పిచ్చిది ఎదురు చెప్పదు, పెట్టెలు మోసుకుని వెనకే వస్తుంది, మళ్ళీ చంకల కింద చేతులేస్తుంది, ఏదో ఒక రోజు ఇద్దరూ ఆ తడి నేల మీదే.

"జంట గది ఎప్పుడైనా ఖాళీ అయితే?" అంది పెద్దావిడ. ఎందుకందో ఆవిడకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

మేనేజరమ్మ చిన్నమ్మాయి కేసి చూసింది. చిన్నమ్మాయి తలెత్తింది. ఆ మొహంలో రంగు దిగిపోవడం పెద్దావిడ చూసింది, బేసిన్ ఎత్తుకుని నాలుగేళ్ళు గుమ్మంలో నిలబడ్డ పిల్ల మొహం, ఎవరూ చూడని మొహం. "ఖాళీ అయితే... అలాగే అక్కా" అంది చిన్నమ్మాయి.

"అక్కర్లేదు" అంది పెద్దావిడ. "దీనికి గురక. నాకు నిద్ర పట్టదు."

"నాకేం గురక లేదు!"

"నీకెలా తెలుస్తుందే, నిద్రపోతుంటావుగా."

చిన్నమ్మాయి నవ్వింది. కడుపులోంచి మొదలై ముక్కు దాకా వచ్చి, అక్కడ ఏడుపైపోయింది. కుర్చీ పక్కన చతికిలబడి పెద్దావిడ మోకాలి మీద తల పెట్టుకుంది. పెట్టుకున్నది కుడి మోకాలు. స్పర్శ లేనిది. నిమరాలని పెద్దావిడకు ఉంది, ఎడమ చెయ్యి అంతదూరం అందలేదు. మేనేజరమ్మ కాగితం అట్ట మీద పెట్టి ముందుకు జరిపి "వేలిముద్ర వేసినా సరిపోతుందమ్మా" అంది. పెద్దావిడ పెన్ను అడిగింది. ఎడమ చేత్తో సంతకం పెట్టింది, అది సంతకంలా లేదు, ఎవరో తప్పించుకు పారిపోయిన దారిలా ఉంది.

భోజనం కింద పన్నెండింటికట, పైన పన్నెండున్నరకట. చిన్నమ్మాయి పెట్టె పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, "ఈ పూటకు నేను తినిపించి వెళ్తానక్కా" అంది.

"పో, పెట్టె సర్దుకో."

పోయింది. రెండుసార్లు ఆగింది, పోయింది.

వార్డులో నాలుగు మంచాలు, నాలుగు చిన్న బీరువాలు, కిటికీ అవతల ఒక గోడ. మిగతా ముగ్గురూ అప్పటికే బల్ల చుట్టూ ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు. ఆయా పెద్దావిడ మెడ కింద తువ్వాలు చుట్టి, పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గిన్నెలోంచి ఒక చెంచా తీసి నోటి దగ్గర పెట్టింది. ఆవిరి పెదవికి తగిలింది. చిన్నమ్మాయి అయితే ఊదేది, వేడా కాదా అని అడక్కుండానే మూడుసార్లు ఊదేది. ఇన్నాళ్ళూ అన్నం అంటే అదే వేడి అనుకుంది పెద్దావిడ. నాలుక చురుక్కుమంది.

"వేడిగా ఉందామ్మా?" అంది ఆయా, అప్పటికే రెండో చెంచా నింపుతూ.

ఉంది అని చెప్పాలి. ఆగమని చెప్పాలి. చెప్పాలంటే ముందు పిలవాలి, ఏమని పిలవాలి ఈ మనిషిని, అమ్మాయ్ అనాలా, ఏమండీ అనాలా, వరస తెలియదు. ఆవిడ ఆ వరస కోసం వెతుకుతూనే ఉంది. చెంచా వచ్చి పెదవుల దగ్గర ఆగింది. ఆవిడ నోరు తెరిచింది.